కోటు మీద ‘ఎస్’

న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపంలో ఒకప్పుడు డాక్టర్లు సుద్దముక్క పట్టుకుని నిలబడేవారు. ఓడ దిగి వచ్చిన మనిషిలో లోపం ఉందని అనుమానం వస్తే కోటు మీద ఒక అక్షరం రాసేవారు. గుండెకు ‘హెచ్’, కుంటుకు ‘ఎల్’, కళ్లకు ‘ఇ’. ఆ వరసలోనే ‘ఎస్’ కూడా ఉంది. వయసు మీదపడి మనిషి సడలిపోయాడనడానికి అది గుర్తు. ముసలితనాన్ని జబ్బుల సరసన కూర్చోబెట్టిన ఈ అక్షరం కంటపడ్డాక వదలబుద్ధి కాలేదు.

దాని చుట్టాల కోసం వెతికితే ఒకటి మన కాలంలోనే దొరికింది. 2020 మార్చిలో కరోనా ముంచుకొస్తున్న వేళ విహార నౌకల కంపెనీల సంఘం అమెరికా ప్రభుత్వానికి ఒక ప్రతిపాదన ఇచ్చింది. డెబ్బై దాటినవారు ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నారని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపితేనే ఓడ ఎక్కనివ్వాలన్నది అందులో ఒక అంశం.

రేవులో ప్రయాణికులను ఆపడం కొత్తేమీ కాదు. అడ్రియాటిక్ తీరంలోని రగూసా, అంటే నేటి డుబ్రోవ్నిక్, ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవారిని 1377లోనే ముప్పై రోజులు ఊరి బయట ఉంచింది. 1423లో వెనిస్ ఒక దీవిలో ప్లేగు ఆస్పత్రి పెట్టింది. 1720లో తూర్పు మధ్యధరా రేవుల నుంచి వచ్చిన ఓడ సరుకు విషయంలో మార్సెయ్ అధికారులు పట్టు సడలిస్తే, ప్లేగు ఆ నగరంలో దాదాపు సగం మందిని పొట్టన పెట్టుకుంది. ఆ రోజుల్లో అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ ఊరి నుంచి వస్తున్నావు? నీ వయసెంత అని కాదు.

మనిషి ఒంటిని చూసి తూచడం వలసల కాలంలో ముదిరింది. 1860లో మద్రాసు నుంచి కూలీలతో దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు వెళ్లిన ‘ట్రూరో’ ఓడలో తెలుగువారూ ఉన్నారు. అలా వెళ్లే కూలీలను ఓడ ఎక్కించే ముందు డాక్టర్లు పరీక్షించేవారు. తోటలకు కావలసింది పనిచేసే ఒళ్లు.

ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరింది మాత్రం 1892లో తెరిచిన ఎల్లిస్ ద్వీపంలోనే. సామాన్లు మోసుకుంటూ జనం మెట్లెక్కుతుంటే డాక్టర్లు గమనించేవారు. ఎవరికి ఆయాసం వస్తోంది, ఎవరు కాలు ఈడుస్తున్నారు? ఒక్కొక్కరి మీద చూపు నిలిచేది కొన్ని క్షణాలే. కంటి డాక్టరు బూటు బొత్తాలు పెట్టుకునే కొక్కెంతో రెప్ప తిరగేసి ట్రకోమా అనే కంటిజబ్బు ఉందేమో చూసేవాడు. కోటు తిరగేసి తొడుక్కుని సుద్దగీత దాచుకుని బయటపడ్డవారూ ఉన్నారు. మొదటి, రెండో తరగతుల వారికి ఈ మెట్ల బాధ లేదు. వారి పరీక్ష ఓడలోనే మర్యాదగా ముగిసేది.

అక్షరం పడ్డవారిని పక్క గదికి తీసుకెళ్లి మళ్లీ పరీక్షించేవారు. పోషించేవారు లేరనుకున్న వృద్ధులు విచారణ బోర్డు ముందు నిలబడాల్సి వచ్చేది. కొడుకో కూతురో వచ్చి మేం చూసుకుంటామంటే ఆ మాటకు విలువ ఉండేది. ఇంకో సంగతి: 1891 చట్టం ప్రకారం వెనక్కి పంపినవారి ఖర్చు ఓడ కంపెనీదే. అందుకే కంపెనీలు యూరప్ రేవుల్లోనే ముందుగా పరీక్షలు మొదలుపెట్టాయి.

2020 నాటి ప్రతిపాదనకు వచ్చేసరికి పోయినవి రెండు. ఒకటి, మనిషిని ఎదుట నిలబెట్టి చూడటం. రెండు, భారం కంపెనీ మీద ఉండటం. డెబ్బై నిండాయా లేదా అన్నది పాస్‌పోర్టు చెబుతుంది, కాగితం తెచ్చుకునే పని ప్రయాణికుడిది. కరోనా ముప్పు వయసుతో పెరుగుతుందన్నది నిజమే. కానీ ఒంట్లో బాగుందన్న కాగితం వైరస్‌ను ఆపదు. యొకోహామాలో నిలిచిపోయిన విహార నౌక ‘డైమండ్ ప్రిన్సెస్’లో 3,711 మంది ఉంటే 712 మందికి సోకింది. ఓడలోని వారిలో సగానికి పైగా అరవై దాటినవారే. అక్కడ జపాన్ అధికారులు వయసును మరోలా వాడారు. వైరస్ లేదని తేలిన ఎనభై దాటిన వృద్ధుల్లో కిటికీ లేని గదుల్లో ఉన్నవారిని లేదా జబ్బులున్నవారిని ముందుగా దింపారు. వయసు లెక్కకు అంతకన్నా మంచి వాడకం నాకు కనిపించలేదు.

కంపెనీల ప్రతిపాదన అలా ఉండగానే, మార్చి 14న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం విహార నౌకలను ఆపేసింది. 2021లో, యాభై దాటినవారి కోసమే ఓడలు నడిపే బ్రిటన్ కంపెనీ సాగా తన ప్రయాణికులందరూ టీకా పూర్తిగా వేయించుకుని రావాలంది. నియమమంటే అది. ఒకరిని వేరుచేసి గుర్తు వేయకుండా అందరినీ కాపాడుతుంది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి అక్కడ ఓడ షికారు చేస్తున్న అమ్మానాన్నలు మనలో ఎందరో. వారికి నా మనవి: కంపెనీ అడిగినా అడగకపోయినా బయల్దేరే ముందు మీ డాక్టరును కలవండి, వాడే మందుల పేర్లు రాసి దగ్గర ఉంచుకోండి. ఓడలో డాక్టరు ఉన్నాడా, జబ్బు చేస్తే ఎక్కడ దింపుతారు, ఖర్చెవరిది అని కంపెనీనీ అడగండి. వాళ్లు మిమ్మల్ని పరీక్షించినట్టే మీరూ వాళ్లను పరీక్షించాలి.