జీర్ణాశయ వ్రణం – మనోదైహిక సిద్ధాంతం: ఒక చారిత్రక పరిశీలన

మనోవ్యథ దేహవ్యాధిగా పరిణమిస్తుందన్న భావన ప్రాచీనమైనది. చరక సంహిత జ్వరకారణాలలో కామ, శోక, భయాలను కూడా చేర్చింది. 20వ శతాబ్దంలో ఈ భావన మనోవిశ్లేషణ పరిభాషను సంతరించుకొన్నది. హంగేరీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఫ్రాంజ్ అలెగ్జాండర్ 1950లో వెలువరించిన ‘సైకోసొమాటిక్ మెడిసిన్’ గ్రంథం ఇందుకు ముఖ్య నిదర్శనం. ఆదరణ పొందాలన్న కోరికను అణచుకొన్న వ్యక్తిలో ఆ కోరిక శైశవంలోని ఆకలి రూపాన్ని దాలుస్తుందని, అప్పుడు జీర్ణాశయం ఆహారం కోసం ఎదురుచూస్తున్నట్లు నిరంతరం ఆమ్లాన్ని స్రవించి వ్రణానికి దారితీస్తుందని ఆయన ప్రతిపాదించాడు. ఉబ్బసం, అధిక రక్తపోటులను కూడా ఆయన ఈ కోణంలోనే వివరించాడు. అయితే ఆమ్లస్రావం కొలతకు అందుతుంది. అణగిన కోరిక మాత్రం రోగి మాటలకు వైద్యుడు కల్పించే అర్థం. ఈ రెండింటి నడుమ ఉన్న అంతరాన్ని ఆ సిద్ధాంతం పూరించలేదు. పైగా రోగి తన వ్యాధితోపాటు తన స్వభావంపై పడిన నిందను కూడా మోయవలసి వచ్చింది.

1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ రోగుల జీర్ణాశయాల నుండి సేకరించిన బాక్టీరియాను ప్రయోగశాలలో పెంచగలిగారు. అదే నేటి హెలికోబాక్టర్ పైలోరీ. 1984లో మార్షల్ దానిని స్వయంగా తాగాడు. ఆయనకు కలిగింది జీర్ణాశయ శోథమే గాని వ్రణం కాదు. ప్రచారంలో ఉన్న కథనాలు ఈ భేదాన్ని తరచు విస్మరిస్తాయి. యాంటీబయాటిక్ చికిత్సతో వ్రణం తిరగబెట్టడం బాగా తగ్గింది. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

దీనితో మనసు ప్రమేయం పూర్తిగా తొలగిపోయిందనడం తొందరపాటు. ఆ బాక్టీరియా సోకినవారిలో అత్యధికులకు వ్రణం ఏర్పడదు. నొప్పి నివారణ మందుల వల్ల కలిగే వ్రణాలూ ఉన్నాయి. సోకినవారిలో కొందరికే వ్రణం ఎందుకు వస్తుందన్న చర్చలో పొగతాగడం, వంశపారంపర్యాలతోపాటు మానసిక ఒత్తిడి కూడా పరిశీలనలోనే ఉన్నది.