కోల్‌కతా డెర్బీ

కోల్‌కతా డెర్బీ అనగా పశ్చిమ బెంగాల్ రాజధాని కోల్‌కతా నగరానికి చెందిన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అనే రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల మధ్య జరిగే పోటీ. బెంగాలీలు దీనిని 'బొరో మ్యాచ్' (పెద్ద ఆట) అని పిలుస్తారు. ఒకే నగరానికి లేదా ఒకే ప్రాంతానికి చెందిన రెండు జట్ల మధ్య జరిగే ఆటను డెర్బీ అని వ్యవహరించడం ఇంగ్లాండులో మొదలై ఇతర దేశాలకు వ్యాపించినది. భారతదేశంలో అత్యంత ప్రసిద్ధమైన ఈ ఫుట్‌బాల్ వైరానికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. దేశ విభజన వలన కలిగిన వలసలు, భాషలోని యాసలు, భోజనపు అలవాట్లు ఈ వైరంలో కలిసిపోయాయి. హైదరాబాదు, సికింద్రాబాదుల నుండి వెళ్ళిన క్రీడాకారులు అనేకమంది ఈ రెండు క్లబ్బుల తరఫున ఆడి పేరు తెచ్చుకున్నారు.

క్లబ్బుల పుట్టుక

మోహన్ బగాన్ క్లబ్బు 1889 ఆగష్టు 15న ఉత్తర కోల్‌కతాలో స్థాపించబడినది. ఆకుపచ్చ, మెరూన్ రంగులు ఈ క్లబ్బు గుర్తులు. తెరచాప ఎత్తిన పడవ దీని చిహ్నం. 1911 జులై 29న జరిగిన ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనలులో ఈ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అనే బ్రిటిషు సైనిక జట్టును 2-1 తేడాతో ఓడించినది. ఆ షీల్డును గెలిచిన మొట్టమొదటి భారతీయ జట్టు ఇదే. బంగ విభజన వ్యతిరేకోద్యమం జరిగిన కొద్ది కాలానికే లభించిన ఈ గెలుపును ప్రజలు కేవలం ఆటలో గెలుపుగా భావించలేదు. తెల్లవారిని వారి ఆటలోనే ఓడించవచ్చునన్న నమ్మకం దీని వలన కలిగినది.

ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పుట్టుకకు ఒక అవమానం కారణమైనది. 1920 జులై 28న కూచ్ బేహార్ కప్పు పోటీలలో మోహన్ బగాన్‌తో ఆడవలసిన జోడాబగాన్ జట్టు, తూర్పు బెంగాల్‌కు చెందిన శైలేష్ బోస్ అనే ఆటగాడిని జట్టు నుండి తప్పించినది. జోడాబగాన్ ఉపాధ్యక్షుడైన సురేష్ చంద్ర చౌధురి ఇందుకు అభ్యంతరం చెప్పినా ఫలితం లేకపోయినది. ఆయన ఆ క్లబ్బును వదలి, మిత్రులతో కలిసి 1920 ఆగష్టు 1న తూర్పు ప్రాంతం వారి కొరకు ఈస్ట్ బెంగాల్ క్లబ్బును ప్రారంభించాడు. ఎరుపు, బంగారు రంగులు ఈ క్లబ్బు గుర్తులు. మండే కాగడా దీని చిహ్నం.

రెండు జట్లూ తొలిసారిగా 1921 ఆగష్టు 8న కూచ్ బేహార్ కప్పులో తలపడ్డాయి. ఆ ఆటలో ఎవరూ గోలు చేయలేదు. కలకత్తా లీగులో మొదటి పోటీ 1925 మే 28న జరిగినది. అందులో ఈస్ట్ బెంగాల్ 1-0 తేడాతో గెలిచినది.

ఘటీలు, బంగాళ్ళు

పశ్చిమ బెంగాల్‌కు అనాదిగా చెందినవారిని 'ఘటీ' అని, తూర్పు బెంగాల్ (ప్రస్తుత బంగ్లాదేశ్) నుండి వచ్చినవారిని 'బంగాళ్' అని పిలవడం వాడుక. ఘటీలు మోహన్ బగాన్‌ను, బంగాళ్ళు ఈస్ట్ బెంగాల్‌ను అభిమానించడం సంప్రదాయంగా వస్తున్నది. 1947లో దేశ విభజన జరిగినపుడు, ఆ తరువాతి సంవత్సరాలలోనూ లక్షలాది కాందిశీకులు ఇల్లూ భూమీ వదలుకొని కోల్‌కతాకు చేరారు. నగరపు అంచులలో గుడిసెలు వేసుకొని, ఉద్యోగాల కొరకు వెతుకుతూ, తమ యాసను ఎగతాళి చేసేవారి మధ్య బ్రతకవలసి వచ్చిన ఆ ప్రజలకు ఈస్ట్ బెంగాల్ గెలుపు తమ గెలుపుగా తోచినది. పోగొట్టుకున్న ఊరి పేరు ఆ క్లబ్బు పేరులో మిగిలి ఉండడమే ఇందుకు కారణం.

ఈ వైరం వంటింటిలోకి కూడా ప్రవేశించినది. బంగాళ్ళకు ఇలీష్ చేప, ఘటీలకు రొయ్య గుర్తులయ్యాయి. ఇలీష్ అనగా గోదావరి జిల్లాలలో పులసగా ప్రసిద్ధి చెందిన చేపయే. ఈస్ట్ బెంగాల్ గెలిచిన నాడు ఇలీష్, మోహన్ బగాన్ గెలిచిన నాడు రొయ్యలు వండుకోవడం అభిమానుల ఇళ్ళలో ఆనవాయితీ.

అయితే పుట్టిన చోటుకు, ఆడిన జట్టుకు ఎప్పుడూ పొత్తు కుదరలేదు. మోహన్ బగాన్ రక్షణ పంక్తికి పెట్టని కోటగా పేరుపొందిన గోష్ఠ పాల్, ఆ క్లబ్బుకే తన క్రీడాజీవితమంతా అంకితం చేసిన చునీ గోస్వామి ఇద్దరూ తూర్పు బెంగాల్‌లో జన్మించినవారే. తరాలు గడచిన కొద్దీ ఘటీ, బంగాళ్ కుటుంబాల మధ్య వివాహ సంబంధాలు కలిసి, ఒకే ఇంటిలో ఇరు జట్ల అభిమానులు ఉండడం సాధారణమైనది.

హైదరాబాదు పోటీ

కోల్‌కతా క్లబ్బులకు దక్షిణాది నుండి గట్టిగా ఎదురునిలిచిన జట్టు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. సయ్యద్ అబ్దుల్ రహీం (1909 - 1963) 1943 నుండి ఈ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన రహీం ఆటగాళ్ళకు చిన్న పాస్‌లతో, బంతిని నేలమీదనే ఉంచి ఆడడం నేర్పాడు. ఈ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచినది. 1950 డ్యూరాండ్ కప్పు ఫైనలులో మోహన్ బగాన్‌తో 2-2 తో సమానంగా నిలిచి, తిరిగి ఆడిన ఆటలో 1-0 తేడాతో గెలిచినది. ఈస్ట్ బెంగాల్‌తో ఈ జట్టు పోరు మరింత సుదీర్ఘమైనది. 1952, 1956 డ్యూరాండ్ ఫైనళ్ళలో ఈస్ట్ బెంగాల్ గెలువగా, 1957-58లో హైదరాబాదు జట్టు 2-1 తేడాతో బదులు తీర్చుకున్నది. ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత ఆంధ్ర పోలీసు జట్టుగా పేరు మారి, 1961 ఫైనలులో మోహన్ బగాన్‌ను 1-0 తో ఓడించినది.

రహీం భారత జట్టుకు కూడా శిక్షకుడై 1951లో ఢిల్లీ, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం సాధించిపెట్టాడు. 1963 జూన్ 11న కేన్సరు వ్యాధితో మరణించాడు. ఆయన జీవితం ఆధారంగా 2024లో 'మైదాన్' అనే హిందీ చిత్రం విడుదలైనది.

మైదానంలో ఇంత సాధించినా హైదరాబాదు పోలీసు జట్టుకు కోల్‌కతా క్లబ్బుల వంటి అభిమాన వర్గం తరతరాలుగా నిలువలేదు. అది ఒక ప్రభుత్వ శాఖకు చెందిన జట్టు. కోల్‌కతా క్లబ్బులు చందాలు కట్టే సభ్యులతో, వారి కుటుంబాలతో, వారి పేటలతో ముడిపడినవి. రహీం మరణానంతరం హైదరాబాదు ఫుట్‌బాల్ క్రమంగా క్షీణించగా, ప్రతిభ గల యువకులు కోల్‌కతా దారి పట్టారు.

డెర్బీలో దక్షిణాది ఆటగాళ్ళు

1949 నుండి 1953 వరకు ఈస్ట్ బెంగాల్ ముందు వరుసలో ఆడిన వెంకటేష్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురిని 'పంచ పాండవులు' అని పిలిచేవారు. ఐదుగురూ దక్షిణ భారతీయులే. వీరి కాలంలో ఆ క్లబ్బు 1949, 1950, 1951 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచినది. దీనిని బట్టి, తూర్పు బెంగాల్ కాందిశీకుల ఆత్మగౌరవాన్ని నిలబెట్టిన గోలులలో అనేకం బెంగాలీలు కానివారు చేసినవేనని గ్రహించవచ్చు.

* తులసీదాస్ బలరాం (1936 - 2023): సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో జన్మించాడు. రహీం చేతిలో తయారై, 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1961లో ఆయన సారథ్యంలో ఆ క్లబ్బు కలకత్తా లీగు గెలిచినది. డెర్బీలో ప్రత్యర్థి అయిన చునీ గోస్వామితోను, పి.కె. బెనర్జీతోను కలిసి భారత జట్టు ముందు వరుసలో ఆడాడు. 1962 జకార్తా స్వర్ణ పతక జట్టులో ముగ్గురూ ఉన్నారు. అనారోగ్యం వలన 1963లోనే ఆట విరమించాడు.
* సయ్యద్ నయీముద్దీన్: హైదరాబాదుకు చెందిన రక్షణ ఆటగాడు. 1970 ఆసియా క్రీడలలో కాంస్య పతకం గెలిచిన భారత జట్టుకు సారథి. తరువాతి కాలంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ రెండింటికీ శిక్షకుడుగా పనిచేశాడు.
* మహమ్మద్ హబీబ్ (1949 - 2023): 'బడే మియా'గా ప్రసిద్ధుడు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడు క్లబ్బులకూ ఆడి, మూడింటి అభిమానుల మన్ననలు పొందాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో 2-2 తో ముగిసిన ఆటలో మోహన్ బగాన్ తరఫున ఒక గోలు చేశాడు. 2023 ఆగష్టు 15న హైదరాబాదులో మరణించాడు.
* మహమ్మద్ అక్బర్: హబీబ్ తమ్ముడు. 1976 జులై 24న జరిగిన లీగు డెర్బీలో ఆట మొదలైన 17 సెకన్లకే మోహన్ బగాన్ తరఫున గోలు చేశాడు. ఆ ఒక్క గోలుతోనే మోహన్ బగాన్ గెలిచినది.

ప్రసిద్ధి చెందిన ఆటలు

1975 సెప్టెంబరు 30న జరిగిన ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనలులో ఈస్ట్ బెంగాల్ 5-0 తేడాతో గెలిచినది. 1970 నుండి 1975 వరకు వరుసగా ఆరుసార్లు లీగు గెలిచిన ఈస్ట్ బెంగాల్‌కు అది స్వర్ణయుగం. ఈ ఓటమిని భరించలేక మోహన్ బగాన్ అభిమాని ఒకరు ఆత్మహత్య చేసుకున్నాడు. మరుజన్మలో మంచి ఆటగాడై పుట్టి ఈ ఓటమికి ప్రతీకారం తీర్చుకుంటానని అతడు ఉత్తరం వ్రాసి పెట్టినట్లు ప్రసిద్ధి.

1997 జులై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో జరిగిన ఫెడరేషన్ కప్పు సెమీఫైనలును సుమారు 1,31,000 మంది ప్రత్యక్షంగా చూశారు. ఆటకు ముందు మోహన్ బగాన్ శిక్షకుడు అమల్ దత్తా, ఈస్ట్ బెంగాల్ శిక్షకుడు పి.కె. బెనర్జీల మధ్య వైరం పత్రికలలో పెద్దయెత్తున నడిచినది. బైచుంగ్ భూటియా మూడు గోలులు చేయగా ఈస్ట్ బెంగాల్ 4-1 తో గెలిచినది. 2009 అక్టోబరు 25న జరిగిన ఐ-లీగు ఆటలో మోహన్ బగాన్ 5-3 తేడాతో గెలిచినది. 2023 డ్యూరాండ్ కప్పు ఫైనలులోను మోహన్ బగాన్ 1-0 తో గెలిచినది.

1980 దుర్ఘటన

1980 ఆగష్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన లీగు డెర్బీ భారత ఫుట్‌బాల్ చరిత్రలో అత్యంత విషాదకరమైనది. ఆటలో ఇద్దరు ప్రత్యర్థి ఆటగాళ్ళ మధ్య ఘర్షణ జరుగగా, రెఫరీ ఇద్దరినీ బయటకు పంపాడు. దానితో స్టాండులలో ఇరుపక్షాల అభిమానులు పక్కపక్కనే కూర్చొని ఉన్నచోట కొట్లాట మొదలైనది. రాళ్ళు రువ్వుకున్నారు. ప్రాణభయంతో జనం ఒక్కసారిగా ఇరుకైన దారులవైపు పరుగెత్తడంతో తొక్కిసలాట జరిగి 16 మంది అభిమానులు మరణించారు. మృతులలో యువకులే ఎక్కువ.

దుర్ఘటన తరువాత అభిమానులను వేరువేరు ద్వారాల గుండా పంపి, వేరువేరు భాగాలలో కూర్చుండబెట్టవలసిన అవసరం స్పష్టమైనది. 1984లో ప్రారంభమైన సాల్ట్ లేక్ స్టేడియం ఆ తరువాత డెర్బీకి ప్రధాన వేదిక అయినది. ప్రతి సంవత్సరం ఆగష్టు 16న మృతుల స్మృత్యర్థం ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటించి, రక్తదాన శిబిరాలు నిర్వహించడం ఆచారమైనది.

అయినను ఘర్షణలు పూర్తిగా ఆగలేదు. 2012 డిసెంబరు 9న జరిగిన ఐ-లీగు డెర్బీలో ప్రేక్షకులు విసిరిన రాయి తగిలి మోహన్ బగాన్ ఆటగాడు సయ్యద్ రహీం నబీ గాయపడ్డాడు. విరామం తరువాత మోహన్ బగాన్ జట్టు మైదానంలోకి రాలేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ క్లబ్బును మొదట లీగు నుండి నిషేధించి, 2013 జనవరిలో నిషేధాన్ని ఎత్తివేసి 2 కోట్ల రూపాయల జరిమానా విధించినది.

ఇతర దేశాలలో

ఇటువంటి వైరాలు ప్రపంచంలో పలుచోట్ల ఉన్నాయి. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో సెల్టిక్, రేంజర్స్ క్లబ్బుల వైరం 1888 నుండి కొనసాగుతున్నది. ఐర్లండు నుండి వలస వచ్చిన కాథలిక్కులు సెల్టిక్‌ను, స్థానిక ప్రొటెస్టంట్లు రేంజర్స్‌ను ఆదరించారు. అర్జెంటీనాలోని బోకా జూనియర్స్, రివర్ ప్లేట్ క్లబ్బుల వైరం బీదలకు, ధనికులకు మధ్య పోటీగా పేరుపొందినది. స్పెయిన్‌లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనాల పోటీ వెనుక రాజధానికి, కాటలోనియా ప్రాంతానికి మధ్య గల రాజకీయ విభేదాలు ఉన్నాయి. వలస వచ్చినవారి క్లబ్బు, స్థానికుల క్లబ్బు అనే భేదం వలన కోల్‌కతా డెర్బీని గ్లాస్గో డెర్బీతో పోల్చడం కద్దు. అయితే కోల్‌కతాలో ఇరుపక్షాల భాష ఒకటే. ఈ విభేదం మతానికి కాక ప్రాంతానికి సంబంధించినది.

ఇటీవలి చరిత్ర

2020లో రెండు క్లబ్బులూ ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించాయి. ఆ లీగులో మొదటి డెర్బీ 2020 నవంబరు 27న గోవాలో, కోవిడ్ కారణంగా ప్రేక్షకులు లేకుండా జరిగినది.

2024 ఆగష్టు 18న జరుగవలసిన డ్యూరాండ్ కప్పు డెర్బీ రద్దయినది. కోల్‌కతాలోని ఆర్.జి. కర్ ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్యకు వ్యతిరేకంగా నగరమంతటా నిరసనలు సాగుతున్నందున ఆటకు తగిన భద్రత కల్పించలేకపోవడం ఇందుకు కారణం. ఆ రోజు సాయంత్రం మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ అభిమానులు తమ తమ జెండాలతో సాల్ట్ లేక్ స్టేడియం వద్దకు చేరి, ఒక్కటిగా న్యాయం కొరకు నినాదాలు చేశారు. పోలీసులు లాఠీలు ఝుళిపించినపుడు ఒక జట్టు అభిమానులు మరొక జట్టు అభిమానులకు అండగా నిలిచారు. 1980లో ఒకరిపై ఒకరు రాళ్ళు రువ్వుకున్న రెండు వర్గాలు ఈసారి ఒకే పక్షాన నిలబడడం ఈ వైరం చరిత్రలో పేర్కొనదగిన ఘట్టం.