మలేథా కాలువ

దేవప్రయాగ నుండి బదరీనాథ్ దిశగా అలకనందానది కుడిగట్టు వెంట సాగే బాటలో, శ్రీనగరం చేరబోయే ముందు, కొండలు ఒక్కసారిగా వెనుకకు జరిగి మలేథా అనే గ్రామానికి చోటిచ్చినట్లు కనబడతాయి. ఈ శ్రీనగరం కాశ్మీరములోనిది కాదు. గఢ్వాల్ రాజుల పాత రాజధాని. అంతవరకు బండలను, చీర్ వృక్షాలను, లోయ అడుగున ఘోషించే నదిని మాత్రమే చూస్తూ వచ్చిన యాత్రికుని కంటికి ఇక్కడ విశాలమైన వరిమళ్లు మెట్లు మెట్లుగా పరచుకొని కనిపిస్తాయి. నీటిపారుదల గల ఇటువంటి పల్లపు భూమిని గఢ్వాలీలు ‘సేరా’ అంటారు. వాననే నమ్ముకొన్న మెట్టభూమికి వారి పేరు ‘ఉఖడ్’. హిమాలయ గ్రామాలలో ఒక కుటుంబము యొక్క స్థితిగతులు తెలుసుకొనవలెనంటే ఈ రెండు మాటలు తెలిస్తే చాలును.

మలేథా భూమి పూర్వము ఉఖడ్ అని చెబుతారు. ఊరికి దిగువనే అలకనంద ఉన్నది. అయినను ఆ నీరు మలేథాకు అందదు. నది లోతున ప్రవహిస్తుంది, మళ్లు ఎత్తున ఉన్నవి. గంగాస్నానానికై దేశము నలుమూలల నుండి జనము వచ్చే త్రోవలో ఉండి కూడా ఆ ఊరివారు మండువా, ఝంగోరా, అనగా రాగులు, ఊదలు, పండించుకొని వానకు ఎదురుచూచినారు. ఊరికి పనికివచ్చే నీరు మరియొక వైపున, అడ్డముగా నిలిచిన కొండ అవతల, చంద్రభాగ అనే చిన్న ఏటిలో ఉన్నది. పేరు మాత్రము పెద్దదే. ఈ పేరుగల నదులు మన దేశములో అనేకము. ఈ చంద్రభాగ ఏ పురాణానికీ అక్కరలేని సెలయేరు.

ఆ నీటిని కొండ తొలిచి ఊరికి తెచ్చినవాడు మాధోసింగ్ భండారీ అని గఢ్వాల్ అంతా ఎరుగును. అతడు పదునేడవ శతాబ్ది పూర్వార్ధములో మహీపతి షా అనే రాజు వద్ద సేనాని. అది గఢ్వాల్ రాజ్యము మొగలులకు లొంగక నిలిచిన కాలము. 1624లో ఆంటోనియో ద ఆంద్రాదె అనే పోర్చుగీసు మతగురువు ఈ శ్రీనగరము మీదుగానే మానా కనుమ దాటి టిబెట్టులోని త్సాపరంగ్ చేరినాడు. తరువాత మాధోసింగ్ నడిపించిన సైన్యాలు టిబెట్టు సరిహద్దులలో యుద్ధాలు చేసినవి. అతని పరాక్రమాన్ని పొగిడే వీరగాథలను, పవాడాలను, నేటికీ పాడుతారు. కాని ఆ యుద్ధాల వలన వచ్చిన సరిహద్దులు ఈనాడు ఎవరికి అవసరము? జనము అతనిని తలచుకొనేది కాలువ వలననే.

సేనాని సెలవు మీద ఇంటికి వచ్చినాడట. భోజనానికి కూర్చున్నప్పుడు విస్తరిలో వరియన్నము లేదు, కూర లేదు. ఎందుకని అడిగితే, నీరు లేని ఊరిలో కూర ఎక్కడిదని ఇంటి ఆడవారు అన్నారట. శత్రువు మాట పడనివాడు ఈ మాట పడలేకపోయినాడు. మరునాడే ఏటి వెంట నడిచి, కొండను పరిశీలించి, పని మొదలుపెట్టించినాడని కథ.

కథ ఇంత సులభముగా చెప్పే ఈ పని ఎంత కష్టమైనదో కొండకాలువల సంగతి ఎరిగినవారు గ్రహిస్తారు. కాలువను ఇక్కడ ‘కూల్’ అని, కొన్ని చోట్ల ‘గూల్’ అని అంటారు. ఏటికి అడ్డముగా రాళ్లు, కొమ్మలు, మట్టి వేసి నీటిని ప్రక్కకు మళ్లిస్తారు. అక్కడి నుండి కాలువ కొండ నడుమును పట్టుకొని పోతుంది. వాలు ఎక్కువైతే నీరు గట్టును కోసివేస్తుంది. తక్కువైతే ఒండ్రు పేరుకొని నిలిచిపోతుంది. యంత్రాలు లేని రోజులలో ఈ వాలును కంటితో, పారుతున్న నీటితో సరిచూచుకొనేవారు. మలేథాలో ఇంతటితో సరిపోలేదు. కాలువ మార్గములో బండ అడ్డు వచ్చినది. చుట్టి పోవుటకు త్రోవ లేనందున దానిని సొరంగముగా తొలిచినారు. ఆ సొరంగము ఇప్పటికీ ఉన్నది, అందులో నీరు పారుతున్నది.

ఇక కథలో కఠినమైన భాగము. సొరంగము పూర్తయినది, నీరు మాత్రము రాలేదు. దేవి కలలో కనబడి కుమారుని బలి కోరినదట. మాధోసింగ్ తన కొడుకు గజేసింగ్‌ను బలి ఇచ్చినాడు, నీరు వచ్చినది. తల్లి ఉదీనా ఈ వంశములో ఇకపై వీరుడు పుట్టకూడదని శపించినది.

ఇది జరిగినదా అని అడిగేవారికి చరిత్రకారుడు శాసనమేదీ చూపలేడు. నీటికై నరబలి కథలు దేశమంతటా ఉన్నవి. ఆంధ్రదేశములో అనంతపురము చెంత బుక్కరాయసముద్రము చెరువుకట్ట తెగకుండ ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ అటువంటిదే. కట్టమంచి రామలింగారెడ్డి దానిని కావ్యము చేసినారు. అయితే ముసలమ్మ తానే నడిచి వెళ్లినది. గజేసింగ్‌ను తండ్రి పంపినాడు. బండలు తొలిచేటప్పుడు, గట్లు విరిగినప్పుడు మనుష్యులు మరణించుట సామాన్యము; అటువంటి మరణము ఒకటి కాలక్రమాన బలిగా మారియుండవచ్చునని నా అనుమానము. ఎట్లయినను, ఊరు తనకు అన్నము పెట్టిన కాలువను కీర్తిస్తూ, ఆ తల్లి శాపాన్ని కూడా మరువకుండ చెప్పుకొంటున్నది. తండ్రిని మాత్రమే పొగడి ఊరుకొనుట సులభము. మలేథా అట్లు చేయలేదు.

కథలో కనబడని వారు మరికొందరున్నారు. ఒక సేనాని, ఒక బాలుడు కలిసి కొండను తొలవలేరు. ఉలి పట్టినవారు, రాళ్లు మోసినవారు, వారికి అన్నము వండినవారు ఎందరో. ఒక్క పేరు మిగలలేదు. పైగా కాలువ ఒక్కసారి త్రవ్వితే తీరే పని కాదు. ప్రతి వానకాలములోను కొండ జారుతుంది, ఏటి వరద తలకట్టును కొట్టుకొని పోతుంది. మరల రాళ్లు పేర్చి, పూడిక తీసి, గండ్లకు బంకమట్టి కొట్టవలెను. దాదాపు నాలుగు వందల ఏండ్లుగా ఈ పని జరిగినది కనుకనే కాలువ ఉన్నది.

ఈ కాలములో నది ఒడ్డున ఏమేమి జరిగినవో చూడవలెను. 1803లో భూకంపము శ్రీనగరాన్ని పడగొట్టినది. 1804లో గూర్ఖాల చేతిలో రాజు ప్రద్యుమ్న షా డెహ్రాడూన్ చెంత ఖుర్‌బురా యుద్ధములో మరణించినాడు. 1815లో ఆంగ్లేయులు గూర్ఖాలను వెళ్లగొట్టి, రాజ్యాన్ని రెండుగా చీల్చినారు: శ్రీనగరము బ్రిటిషు గఢ్వాలుకు, ఎదుటి గట్టునున్న మలేథా టెహ్రీ సంస్థానానికి పోయినవి. 1893లో ఎగువన బిరహీ గంగకు కొండ విరిగి అడ్డుపడగా ఏర్పడిన గోహ్నా సరస్సు మరుసటి ఆగస్టులో తెగి, పాత శ్రీనగరాన్ని తుడిచిపెట్టినది. తంతివార్త ముందుగా అందినందున జనము బ్రదికినారు, రాజధాని బ్రదకలేదు. 1948 జనవరిలో మలేథా సమీపముననే ఉన్న కీర్తినగరములో ప్రజా ఉద్యమకారులు నాగేంద్ర సక్లానీ, మోలూ భర్దారీ తుపాకులకు బలియైనారు. మరుసటి ఏడు సంస్థానము భారతదేశములో విలీనమైనది. ఈ ప్రభుత్వాలన్నియు వచ్చి పోతుండగా మలేథాలో స్త్రీలు ఏటేటా ఆ నీటిలోనే నిలిచి నాట్లు వేసినారు.

2014, 2015 సంవత్సరాలలో ఊరి చుట్టూ రాళ్లు పిండిచేసే క్రషర్లు వెలసినప్పుడు ముందుగా బాటకు వచ్చినదీ ఆ స్త్రీలే. ధూళి పైరుపై పడుతున్నదని, కొండ కదిలితే నీరు పోతుందని వారు నెలల తరబడి పోరాడినారు. చివరకు అనుమతులు రద్దయినవి. ఆ వెనుక వచ్చినది అంతకన్న పెద్దది. ఋషికేశము నుండి కర్ణప్రయాగకు వేస్తున్న 125 కిలోమీటర్ల రైలుమార్గములో నూరు కిలోమీటర్లకు పైగా సొరంగాలే. అందులో ఒక స్టేషను మలేథాకు కేటాయించినారు. దానికి కావలసిన సమతలము ఆ కొండలలో సేరా తప్ప మరెక్కడ ఉన్నది? వరిమళ్లలో కొంత భాగము రైలుకు పోయినది. రైలు అక్కరలేదని ఊరివారు అనలేదు. రోగిని మైదానములోని ఆసుపత్రికి చేర్చుటకు పడే పాట్లు వారికి తెలియనివి కావు.

ఊరి వద్ద మాధోసింగ్ విగ్రహము నిలిపినారు, ఏటా అతని పేర జాతర జరుగుతుంది. మిగిలిన మళ్లకు నీరు ఆ కూల్ నుండియే వస్తున్నది.