గొర్రు వెంట వచ్చిన కూడు

వెనకటి రోజుల్లో మా అనంతపురం జిల్లాలో ఒక ఇంట్లో ఏం వండుకునేవాళ్లో తెలియాలంటే ఆ ఇంటివాళ్లు చేను ఎట్లా విత్తారో చూస్తే చాలు. తొలకరి పడి పదును కుదిరితే గొర్రు కట్టేవాళ్లు. మగవాళ్లు ఎద్దుల్ని తోలుతుంటే, ఒక ఆడమనిషి ఒడిలో కొర్రలు పోసుకుని, పిడికిట్లోంచి గొర్రు మీది జడ్డిగంలోకి సన్నగా జారవిడుస్తూ నడిచేది. ఆమె వెనకాలే ఇంకొకామె, గొర్రుకు తాడుతో కట్టిన వెదురు గొట్టంలో కందులు వేసుకుంటూ వచ్చేది. ఆ కంది పడిన సాలునే మేం అక్కిడి సాలు అంటాం. ఆమె గుప్పిట్లో కందులొక్కటే ఉండేవి కావు. నాలుగు అలసందలు, నాలుగు అనుములు, కాసిని పెసలు కలిసి ఉండేవి. గట్టు వెంబడి గోగులు, ఆముదాలు. వాన ఆలస్యమై కొర్రకు అదను దాటిపోతే ఉలవలు చల్లేవాళ్లు.

ఇన్ని రకాలు ఒకే చేలో విత్తడం వానను నమ్మలేకే. మా జిల్లాలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఏ కార్తెలో పడుతుందో, ఏ కార్తెలో ఎగ్గొడుతుందో ఎవరికీ తెలియదు. పెసలు, అలసందలు ముందు ఇంటికొచ్చేవి, కొర్ర మూడు నెలలకు వచ్చేది, కంది వేరు లోతుకు దిగి సంక్రాంతి దాకా నిలబడేది. ఒకటి ఎండిపోయినా ఇంకొకటి దక్కేది. రైతు దీన్ని పంట భద్రత కోసం చేశాడు. నేను మాత్రం వంటింటి వైపు నుంచి చూస్తాను. కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. "డబ్బు లేకుండా పిల్లోళ్లకు మంచి తిండి ఏం పెట్టేది టీచరమ్మా?" అని తల్లులు అడిగిన ప్రతిసారీ నా కళ్ల ముందు ఈ చేనే కదిలేది. సంగటికి గింజ, దాని మీదికి పప్పు, పుంటికూర అన్నీ ఆ గొర్రు వెంటనే ఇంటికొచ్చేవి. అంగట్లో కొనాల్సింది ఉప్పు, చింతపండు లాంటి నాలుగు సరుకులు.

విత్తనిది కూడా ఉండేది. కలుపుకు పోయిన ఆడవాళ్లు సాయంత్రం ఒట్టి చేతులతో తిరిగి రారు. గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు, పాయలాకు, తుమ్మాకు ఒళ్లో కట్టుకుని వచ్చేవాళ్లు. ఇవేవీ ఎవరూ పెంచినవి కావు, వానకు వాటంతటవే మొలిచినవి. మా జేజి నాలుగైదు రకాలు కలిపి, కాసిని బ్యాళ్లు, అదే పప్పు, వేసి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపేది. ఏ ఆకు ఎక్కువైతే చేదొస్తుందో, దేనికి చింతపండు కావాలో, దేనికి అక్కర్లేదో ఆమె చేతికి తెలుసు. ఇప్పుడు చేలల్లో కలుపుమందు కొడుతున్నారు. కూలి ఖర్చు తట్టుకోలేక కొడుతున్నారు, వాళ్లను తప్పుపట్టలేను. కానీ కూలితో పాటు ఆ పూట కూర కూడా పోయింది.

ఆ కాలమంతా కడుపు నిండిన కాలమని నేననను. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను తుడిచిపెట్టింది. అనంతపురం అప్పటికి బళ్లారిలోనే ఉంది, వేరే జిల్లా అయింది 1882లో. ఆ కరువులో తిండి లెక్క మీద ఒక పెద్ద తగువు నడిచింది. 1877 జనవరిలో వచ్చిన రిచర్డ్ టెంపుల్ అనే దొర, కరువు పనుల్లో రోజంతా మట్టి మోసే మనిషికి ఒక పౌను ధాన్యం, దాని పైన కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. మద్రాసు ప్రభుత్వంలో ఆరోగ్య శాఖ చూసే కార్నిష్ అనే వైద్యుడు ఒప్పుకోలేదు. కనీసం పౌనున్నర గింజ కావాలి, దానితో పాటు పప్పూ కూరగాయలూ ఉండాలి, లేకపోతే మనిషి పని చేస్తూ చేస్తూ కూలిపోతాడని పట్టుబట్టాడు. టెంపుల్ కూలి కింద మనుషులు చిక్కిశల్యమైపోయాక, ఆ ఏడే కూలి పెంచక తప్పలేదు. పేదవాడికి గింజ పడేస్తే చాలు, మిగతాది విలాసం అన్న ఆలోచన అంత పాతది. అది కరువుతో పోలేదు.

దాన్ని మళ్లీ తప్పని నిరూపించింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు చిన్నగా మొదలుపెట్టిన ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఆయన కూనూరులో ఎలుకలకు దేశంలోని ఒక్కో ప్రాంతపు తిండి పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలున్న సిక్కుల తిండి తిన్నవి అన్నిటికన్నా బాగా పెరిగాయి. పాలిషు బియ్యమే ముఖ్యమైన మద్రాసు తిండి తిన్నవి అన్నిటికన్నా వెనకబడ్డాయి. తర్వాత 1960లో అక్కడే పనిచేసే డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య దక్కను పేదల్లో కనిపించే పెల్లాగ్రా జబ్బు గురించి రాశారు. ఎండ తగిలే మెడ, చేతుల మీద చర్మం నల్లబడి పగుళ్లిచ్చే జబ్బు అది. మొక్కజొన్న తినేవాళ్లకే వస్తుందని అంతకుముందు అనుకునేవాళ్లు. జొన్న తప్ప ఇంకేమీ దొరకని వాళ్లకూ వస్తోందని వీళ్లు చూపించారు. జొన్నను దేవుడి ప్రసాదంగా పొగిడే ఇప్పటి మిల్లెట్ ఉపన్యాసాల్లో ఈ మాట నాకెక్కడా వినపడదు. మన పెద్దవాళ్లు జొన్నరొట్టె తిని గట్టిగా ఉన్నారంటే, పక్కన పప్పో పాలో ఆకుకూరో ఉన్నాయి కాబట్టి. అవి లేనివాళ్లకు జబ్బే మిగిలింది. ఆ జబ్బు సంగతి అటుంచినా, చిరుధాన్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుగింజల్లో దండిగా ఉంటుంది. మా జేజికి ఆ పేరు తెలియదు. సంగటి మీదికి ఉలవచారో, అనపగింజల పులుసో లేకుండా మాత్రం పిల్లలకు పెట్టేది కాదు.

మరి ఆ చేను ఎట్లా మారింది? చెనక్కాయతో, అంటే వేరుశనగతో. దక్షిణ అమెరికాలో పుట్టిన గింజ, పందొమ్మిదో శతాబ్దం చివరికి పుదుచ్చేరి రేవు నుంచి మార్సేయ్ నూనె మిల్లులకు ఓడల్లో పోయేది. మా ఎర్రనేల దానికి సరిగ్గా సరిపోయింది. 1940లో వచ్చిన టీఎంవీ-2 రకాన్ని మా రైతులు దశాబ్దాల పాటు వదల్లేదు. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టాక ధరకు ధీమా దొరికింది, అప్పు దొరికింది, చెనక్కాయ వేయని చేను కనిపించకుండా పోయింది. చేతిలో డబ్బు ఆడింది, పిల్లలు చదువుకున్నారు, మాలాంటి ఇళ్లలో ఆడపిల్లలు ఉద్యోగాలకు వచ్చారు. అది నేను మరిచిపోను. కానీ అదే చేతితో కొర్ర పోయింది, అలసంద పోయింది, అనుములు పోయాయి. కంది ఒక్కటే అక్కిడి సాల్లో చెనక్కాయ పక్కన బతికింది. వాన తప్పిన ఏడు, వెనకటి చేలో ఏదో ఒకటి దక్కేది. ఇప్పుడు చెనక్కాయ ఎండితే పప్పుకూ, నూనెకూ, బియ్యానికీ అన్నిటికీ అంగడికే పోవాలి, అదీ చేతిలో డబ్బు లేని ఏడాదిలో.

కొర్ర వంటింట్లోంచి పోవడానికి చెనక్కాయ ఒక్కటే కారణం కాదు. దాన్ని దంచినవాళ్లను అడగండి. కొర్ర గింజ ఆవగింజ కంటే కొంచెం పెద్దది, పొట్టు గట్టిగా అంటుకుని ఉంటుంది. ముందు ఎండబెట్టాలి. రోట్లో వేసి ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకలి పోట్లు వేయాలి. చాటతో చెరగాలి. పొట్టు పోని గింజలను మళ్లీ రోట్లో పోయాలి. మళ్లీ చెరగాలి. ఎంత దంచినా మూడో వంతు దాకా పొట్టు కిందే పోతుంది. పగలంతా చేలో కలుపు తీసినామె తెల్లవారుజామున కోడి కూయకముందే లేచి ఇది చేయాలి, పొద్దున సద్దికి కొర్రన్నం కావాలి కాబట్టి. మా అమ్మ అరచేతుల్లో కాయలు కాసి ఉండేవి. "మీ జేజి కొర్రన్నం రుచి గురించి చెప్తుందిగానీ, దంచింది నేను కదా" అనేది. పాతకాలపు తిండిని మెచ్చుకునేవాళ్లలో రోకలి పట్టినవాళ్లు తక్కువ. ఆ రుచికి వెల కట్టింది ఆడవాళ్ల భుజాలు.

రాగి దీనికంటే నయం. దంచే పని లేదు, విసిరితే చాలు. సంగటి కెలకడం మాత్రం బలం కావాల్సిన పనే. కుండలో నూకలు ఉడుకుతుండగా రాగి పిండిని మధ్యలో గుట్టగా పోసి, కట్టెతో నడుమ ఒక గుంత చేస్తారు. అడుగు నుంచి నీళ్లు ఆ గుంతలోకి పైకుబికి పిండి ఆవిరిలో మగ్గుతుంది. ఆ పది నిమిషాలూ కలపకూడదు, కలిపితే ఉండలు కడుతుంది. తర్వాత కుండను దించి, గుడ్డతో అదిమిపట్టి, రెండు చేతులతో కట్టె తిప్పాలి. తడి చేత్తో ముద్దలు చేసి పెడితే పొగలు పోతూ మెరుస్తాయి. గోపాలన్ బృందం 1971లో అచ్చువేసిన పోషక విలువల పుస్తకంలోని లెక్కలు మాకు శిక్షణలో చెప్పారు. వంద గ్రాముల రాగుల్లో 344 మిల్లీగ్రాముల కాల్షియం, బియ్యంలో పది. ఆ అంకె విన్న రోజు ఆ శిక్షణకు వచ్చిన టీచర్లందరం ఇంటికి పోయి రాగులు నానేసుకున్నాం.

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఎన్టీ రామారావు గెలిచీ గెలవగానే పెట్టిన పథకం. తెల్లన్నం అంటే పండగకు మాత్రమే అని పెరిగిన ఇళ్లలో అది రోజూ కుండలోకి వచ్చింది. దంచక్కర్లేదు, చెరగక్కర్లేదు, పొయ్యి మీద పెడితే ఉడుకుతుంది. మా అమ్మ రోలును పెరట్లోకి దొర్లించేసింది. ఆ బియ్యం ఆకలి చావులను ఆపింది, ఆడవాళ్లకు ఒక జాము నిద్రనిచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లను నేను సహించను. నా బాధంతా అది ఒంటరిగా వచ్చిందని. బియ్యానికి ధర కట్టిన ప్రభుత్వం కందిపప్పును అంగడికి వదిలేసింది. చేలో పప్పు ఎటూ తగ్గిపోయింది. అంగన్‌వాడీలో తూకం వేసిన పిల్లల్లో, ఇంట్లో అన్నానికి లోటు లేకపోయినా, బరువు తక్కువగా ఉన్నవాళ్లు ఎందరో. ఏం తిన్నారని అడిగితే, అన్నంలో నీళ్లచారు. తల్లిని అడిగితే, పప్పు కొనలేకపోయాం టీచరమ్మా అని.

ఇప్పుడు కొర్ర మళ్లీ వచ్చింది. 2018లో కేంద్రం చిరుధాన్యాలకు పోషక ధాన్యాలని పేరు పెట్టింది, 2023 ప్రపంచమంతటా చిరుధాన్యాల ఏడాది అయింది, ఆ ఏడు మార్చిలో మన బడుల్లో పిల్లలకు రాగిజావ మొదలైంది. నంద్యాల పరిశోధన కేంద్రం ఇచ్చిన సూర్యనంది కొర్ర తొందరగా కోతకొస్తుంది. పొట్టు తీసే మిషన్లు వచ్చాయి కాబట్టి రోకలి బాధ లేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వాళ్లు రైతుల దగ్గర కొని, ఆడించి అమ్ముతున్నారు. సంతోషమే. కానీ అనంతపురం టౌన్‌లో కొర్రబియ్యం సోనామసూరి కంటే ఎక్కువ ధర పలుకుతోంది. షుగరు ఉన్న పెద్దవాళ్లు దాన్ని మందులాగా కొలిచి వండుకుంటున్నారు, మళ్లీ పప్పు లేకుండానే. మా జేజి చూస్తే ఆ గిన్నెలో ఉలవకట్టు ఏదని అడిగేది.

ఈ మధ్య చెనక్కాయ తగ్గి చాలా చేలల్లో కందే అసలు పంటగా వేస్తున్నారు. సంక్రాంతి దాటాక కోత అవుతుంది, వ్యాపారి లారీ కల్లం దగ్గరికే వస్తుంది, బస్తాలన్నీ ఎక్కుతాయి. వారం తిరక్కుండా అదే రైతు భార్య అరకిలో బ్యాళ్లకు అంగడికి వస్తుంది, తను అమ్మిన ధరకు మించి ఇస్తుంది. నేను కనిపించిన ప్రతి కోడలికీ ఒక్కటే చెప్తున్నాను. లారీ రాకముందే రెండు బస్తాల కందులు ఎత్తి లోపల వేయండి. ఎర్రమట్టి కట్టి ఎండబెట్టి, విసుర్రాయి లేకపోతే ఊళ్లో మిషన్‌లో వేయించి బ్యాళ్లు చేయించుకోండి. ఐదుగురున్న ఇంటికి రోజూ రెండు పూటలా పప్పు వండినా ఏడాదిలో ఎక్కువ భాగం గడుస్తుంది. రేషన్ బియ్యం ఎటూ ఉంది. గట్టు మీద గోగులు చల్లడానికి పిడికెడు విత్తనం చాలు, కావాల్సినవాళ్లు మా ఇంటికి రండి, ఇస్తాను.