సంచిలో మూసిన పిడికిలి

ఆదివారం తెలుగు పూజ అయిపోయింది. గుడి ముందు జనం ఇంకా పలచబడలేదు. మీరు పక్క దారిన వెనక్కి నడిచి, పిల్లలకు సత్యోపదేశం చెప్పే గదిలోకి అడుగుపెడతారు. గోడ మీద స్కెచ్ పెన్నులతో గీసిన నోవహు ఓడ. చిన్న బెంచీలన్నీ ఓ మూలకి జరిపి, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. టేబుల్ మీద కొవ్వొత్తి, సిలువ, గట్టి అట్టల పుస్తకాలు రెండు. ఒకటి మినిట్స్ బుక్, ఇంకొకటి క్యాష్ బుక్. వాటి పక్కన మడిచిపెట్టిన ఎర్ర వెల్వెట్ సంచి.

"రండి బ్రదర్, కూర్చోండి. టీ మీటింగు అయ్యాకే వస్తుంది, ముందు రాదు," అంటారు ప్రెసిడెంటు గారు.

ఇది జూబిలీహిల్స్ పరిసరాల్లోని ఒక విచారణ (పారిష్). పునీత విన్సెంట్ డి పాల్ సభకు ఇలాంటి విచారణల్లో శాఖలుంటాయి, వాటిని కాన్ఫరెన్సులంటారు. ఇక్కడెవరి పేరూ అడక్కండి. ఈ గదిలో మాట్లాడుకున్న ఇళ్ళ సంగతులు గడప దాటకూడదన్నది సభ నియమం. కుర్చీలో కూర్చున్నారు కాబట్టి ఆ నియమం మీకూ వర్తిస్తుంది.

చుట్టూ చూడండి. ప్రెసిడెంటు గారు ఫిరంగిపురం వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళు ప్రొడక్షన్ మేనేజర్‌గా యూనిట్‌లకు భోజనాలు, బండ్లు సర్దిన మనిషి. ట్రెజరర్ మేడమ్ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ పక్కన మలయాళీ నర్సమ్మ. ఆమె తెలుగు హైదరాబాదుదే గాని యాస మాత్రం కొట్టాయం విడిచి రాలేదు. సెక్రటరీ కుర్రాడు ఎడిటింగ్ రూములో అసిస్టెంటు, రాత్రంతా మేలుకున్న కళ్ళు. చివరి కుర్చీలో కృష్ణానగర్ నుంచి వచ్చిన డ్రైవరన్న, యూనిట్ వ్యాను నడుపుతాడు.

సిలువ గుర్తు, ప్రార్థన, ఓ చిన్న పఠనం. తర్వాత సెక్రటరీ కిందటి వారం మినిట్స్ చదువుతాడు. ఈ వరస ఇక్కడ పుట్టింది కాదు. 1833 ఏప్రిల్ 23న పారిస్‌లో ఫ్రెడెరిక్ ఓజనామ్ అనే విద్యార్థి, కొందరు స్నేహితులు, ఎమ్మాన్యుయేల్ బాయీ అనే పత్రికా సంపాదకుడు కలిసి మొదలుపెట్టిన సభ ఇది. ఆ రోజుకు ఓజనామ్‌కు సరిగ్గా ఇరవై ఏళ్ళు నిండాయి. అంతకు ముందు ఏడే కలరా పారిస్ పేటల్ని ఊడ్చేసింది. పూర్వం మీ మతం ఎన్నో చేసి ఉండొచ్చు, ఇప్పుడు బీదలకు మీరేం చేస్తున్నారని ఓ చర్చలో ఎవరో నిలదీస్తే, ఈ కుర్రాళ్ళు జవాబు చెప్పడానికి మాటలు వెతకలేదు. తమ దగ్గర మిగిలిన కట్టెలు మోసుకుని ఓ పేద ఇంటికి వెళ్ళారు. ఏ ఇంటికి వెళ్ళాలో, వెళ్ళి ఎలా మసలుకోవాలో నేర్పింది రోజలీ రాండ్యూ అనే సిస్టర్. ఓజనామ్‌ను 1997లో, ఆమెను 2003లో రెండవ జాన్ పాల్ పోపు గారు ధన్యులుగా ప్రకటించారు.

"అకౌంట్సు," అంటారు ప్రెసిడెంటు గారు. మేడమ్ కళ్ళజోడు సర్దుకుంటారు.

"ఓపెనింగ్ బ్యాలెన్స్ 4,150. పోయిన వారం సంచిలో 2,870. పేదల పెట్టె తెరిస్తే 6,300. కృతజ్ఞతా పూజ పెట్టించుకున్న కుటుంబం ఇచ్చింది 2,000. మొత్తం 15,320. ఖర్చు: నాలుగిళ్ళకు నెల కిరాణా స్లిప్పులు 4,800, మందులు 1,380. చేతిలో ఉన్నది 9,140."

కిరాణా స్లిప్పు అంటే చేతికి డబ్బివ్వరు. దుకాణం పేరు రాసి, సంతకం పెట్టిన చీటీ ఇస్తారు. బియ్యం, కందిపప్పు, నూనె ఆ చీటీ మీద తీసుకుంటారు, దుకాణదారుకు నెలాఖరున మేడమ్ లెక్క తీరుస్తారు. పారిస్‌లో సిస్టర్ రోజలీ తొలినాళ్ళ సభ్యుల చేతిలో పెట్టినవీ రొట్టె చీటీలే.

ఇప్పుడు కొత్త కేసులు. డ్రైవరన్న చెబుతాడు. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒక లైట్‌మేన్. నడుము డిస్కు జారి నాలుగు నెలలుగా మంచం మీదే. భార్య రెండిళ్ళలో వంట చేస్తుంది. కూతురు ఇంటర్ రెండో ఏడు. అద్దె రెండు నెలలు బాకీ, నెలకు 6,000. నర్సమ్మ చెప్పేది ఇంకో కేసు: ఒంటరిగా ఉండే ముసలావిడ, ఒకప్పటి జూనియర్ ఆర్టిస్టు. శుక్లం ఆపరేషనయింది, అద్దాలకూ మందులకూ 1,900 కావాలి.

"రెండూ కలిపి 13,900. మన దగ్గరున్నది 9,140," మేడమ్ పుస్తకం మీంచి తలెత్తకుండా అంటారు.

"ఉన్నదంతా ఇచ్చేద్దాం మేడమ్."

"ఇస్తాం. ఒకటో తారీఖున ఆ నాలుగిళ్ళకు స్లిప్పులు ఎవరిస్తారు, మీ వ్యానా?"

అందరూ నవ్వుతారు. డ్రైవరన్న కూడా. కానీ ఇద్దరి మాటలోనూ సభ నియమముంది. డబ్బు పోగేసుకోవద్దని అది మొదటినుంచీ చెబుతోంది. బీదవాడి కోసం ఇచ్చిన రూపాయి బ్యాంకులో వడ్డీ తింటూ కూర్చోకూడదు. అలాగని మాటిచ్చిన ఇంటికి చీటీ ఆగకూడదు. ఈ రెంటి మధ్య ప్రతి ఆదివారం ఇదే బేరం. పక్కనే ఇంకో దారి కూడా ఉంది. 1882లో అమెరికాలో మైకేల్ మెక్‌గివ్నీ అనే ఫాదర్ గారు నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కతోలిక సోదర సంఘాన్ని పెట్టినప్పుడు, సభ్యుడు చనిపోతే వితంతువుకూ పిల్లలకూ భరోసా ఉండాలని చందాలు పోగుచేసి బీమా నడిపారు. అక్కడ నిధి పెరగడమే బలం. ఇక్కడ ఖాతాలో డబ్బు ఎక్కువ మిగిలితే ప్రెసిడెంటు గారికి అనుమానం: "మనం ఇళ్ళకు పోవడం తగ్గించామా ఏంటి?"

చర్చ ముగుస్తుంది. ముసలావిడకు 1,900. లైట్‌మేన్‌కు ఒక నెల అద్దె 6,000. మిగిలింది 1,240. మరి స్లిప్పులకు 4,800?

అప్పుడు లేస్తుంది ఎర్ర సంచి. దీన్నే రహస్య కానుక అంటారు. మూతి ఇరుకు, లోపల లోతు. ప్రతి ఒక్కరూ పిడికిలి మూసి లోపలికి పెట్టాలి, తెరిచిన చెయ్యి బయటికి తీయాలి. వేసేదేమీ లేకపోయినా చెయ్యి పెట్టాల్సిందే. ఎవరు 500 వేశారో, ఎవరు ఖాళీ పిడికిలి పెట్టారో పక్కవాళ్ళకు కూడా తెలియకూడదు. నాణేలైతే చప్పుడవుతాయని కొందరు కాగితం నోటే మడిచి తెచ్చుకుంటారు. సంచి మీ ఒళ్ళోకి వస్తుంది. వెల్వెట్ మెత్తగా తగులుతుంది, అడుగున నోట్ల గరగర. పిడికిలి విప్పి చెయ్యి తీసేస్తారు. ఎవరూ మీ వైపు చూడరు.

మరి ఈ రోజుల్లో క్యూఆర్ కోడ్ పెట్టొచ్చుగా? సెక్రటరీ కుర్రాడు ఓసారి అడిగేశాడట. మేడమ్ జవాబు ఇంకా గదిలో అందరికీ గుర్తే: "ఫోన్‌పే బాక్సు 'రెండు వందల రూపాయలు అందాయి' అని గుడంతా అరిస్తే, ఇంక రహస్యమేముంది బాబూ?" బయటి దాతలు బ్యాంకు ఖాతాకు పంపొచ్చు, చెక్కు ఇవ్వొచ్చు. సభ్యుల సంచి మాత్రం నోట్లదే. అమెరికాలో ఉన్న పిల్లలు డాలర్లు పంపుతామన్నా మేడమ్ తొందరపడరు. విదేశీ విరాళమంటే ఎఫ్‌సీఆర్‌ఏ. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి, వచ్చాక ఇంకో సంస్థకు మళ్ళించకూడదు. విచారణ శాఖ తన సొంత ఖాతాలో వేయించుకునే వ్యవహారం కాదది. అందుకే ఇక్కడి ఆధారం సంచి, పేదల పెట్టె, సెప్టెంబరు 27న వచ్చే పునీత విన్సెంట్ పండుగ, క్రిస్మస్ ముందు గుడి దగ్గర పెట్టే కేకుల స్టాలు. వచ్చినదాంట్లో కొంత పై కౌన్సిళ్ళకు వెళ్తుంది. అక్కడినుంచి ఇంకా బీద విచారణలకు, వరదలొచ్చిన చోట్లకు చేరుతుంది.

సంచి బోర్లిస్తారు. ఇద్దరు లెక్కపెడతారు. 3,410.

"మొత్తం 4,650. స్లిప్పులకు ఇంకా 150 తక్కువ," అంటారు మేడమ్.

సెక్రటరీ చెయ్యి జేబులోకి పోతుంది. ప్రెసిడెంటు గారు కళ్ళతోనే ఆపేస్తారు. "వచ్చే వారం సంచిలో వేద్దువుగానీ. ఇప్పుడిస్తే నువ్విచ్చావని అందరికీ తెలుస్తుంది."

ముగింపు ప్రార్థన. టీ.

ఇళ్ళకు ఎప్పుడూ ఇద్దరిద్దరే వెళ్ళాలి. ఈ వారం నర్సమ్మ, డ్రైవరన్న. వాళ్ళ వెంట మీరు. జూబిలీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు వస్తుంటే రోడ్డుకు రెండు వైపులా ఎత్తయిన ప్రహరీలు, సెక్యూరిటీ గదులు, కొత్త సినిమా హోర్డింగులు. సాయం చేయడం ఈ పేటకు కొత్తేమీ కాదు. చిరంజీవి బ్లడ్ బ్యాంకు 1998 నుంచి ఇక్కడే నడుస్తోంది. 2020లో కరోనాకు షూటింగులు ఆగినప్పుడు ఆయన ముందుండి పెట్టిన కరోనా క్రైసిస్ చారిటీ ద్వారా సినీ కార్మికుల ఇళ్ళకు సరుకులందాయి. అంత పెద్ద పనికి అందరికీ తెలిసేలా పిలుపు కావాలి, పేరు కావాలి. ఈ ఇద్దరూ వెళ్తున్న పనికి అవేవీ అక్కర్లేదు, పైగా ఉంటే చెడుతుంది కూడా.

ఆటో దిగి రాళ్ళగుట్ట మీదికి మెట్లు ఎక్కాలి. లైట్‌మేన్ ఇంటి వెనక గోడే బండరాయి. వరండాలో నీళ్ళ డ్రమ్ములు. గోడకు పెద్దమ్మతల్లి క్యాలెండరు. నర్సమ్మ దాని వైపు చూసి నమస్కారం పెట్టి కూర్చుంటుంది. కులం, మతం అడగరు. మతం మాట ఎత్తరు కూడా. బయల్దేరేటప్పుడే ప్రెసిడెంటు గారు ఆ మాట ఇంకోసారి చెప్పారు.

"ఎట్లుంది అన్నా?" డ్రైవరన్న మంచం పక్కన పీట లాక్కుంటాడు.

"ఏముంది తమ్ముడూ, పైకప్పు లెక్కపెడుతున్నా."

పుస్తకం తీయరు, ఇంట్లో ఏమీ రాయరు. పావుగంట దాకా కష్టం గురించి ఎవరూ మాట్లాడరు. మాటంతా లైట్ల మీదే. అప్పట్లో పెద్ద హెచ్‌ఎంఐ లైటు ఎత్తాలంటే నలుగురు పట్టాలి, లైట్లు పెట్టే మంచె మీదికి తాళ్ళతో లాగాలి. ఇప్పుడన్నీ ఎల్‌ఈడీలు, ఒక్కడే చంకలో పెట్టుకుని పోతున్నాడు. నడుములు మిగిలాయి గాని పిలుపులు తగ్గాయి. 2025 ఆగస్టులో సినీ కార్మికుల ఫెడరేషన్ వాళ్ళు కూలి పెంచమని సమ్మె చేసి రెండు వారాలకు పైగా షూటింగులు ఆపారు. "అప్పుడు నేను బాగానే ఉన్నా. అందరికీ పని లేదు, నాకూ లేదు. ఇప్పుడు అందరికీ ఉంది, నాకు లేదు. ఇదే కష్టం."

నర్సమ్మ రిపోర్టులు అడిగి చూస్తుంది. ఆపరేషనంటే భయపడి మానేశారని తెలుస్తుంది. ఆరోగ్యశ్రీలో వీలవుతుందేమో నిమ్స్‌లో కనుక్కుందాం, మంగళవారం నేనే వస్తానంటుంది. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని 10 లక్షలకు పెంచారని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

భార్య టీ గ్లాసులు తెచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది. కాసేపటికి గొంతు తగ్గించి అంటుంది: "అద్దె సంగతి ఓనరు ఆగుతాడమ్మా, మంచోడే. పిల్ల కాలేజీలో 4,000 బాకీ ఉంది. అది కడితేనే హాల్ టికెట్ ఇస్తారంట. వాళ్ళ నాన్నకు తెలియదు. మీరు చెప్పకండి."

గదిలో తీర్మానం అద్దెకని రాసుకున్నారు. డ్రైవరన్న వరండాలోకి వెళ్ళి ప్రెసిడెంటు గారికి ఫోన్ చేస్తాడు. రెండు నిమిషాల మాట. 4,000 నేరుగా కాలేజీలో కట్టాలి, మిగతా 2,000 ఓనరుకు. వచ్చే ఆదివారం మినిట్స్‌లో కారణం రాయించాలి. సభలో కుర్చీల మధ్య కూర్చుని ఎంత బాగా లెక్కేసినా, ఈ గుమ్మం దాకా రాకుండా ఆ 6,000 ఎక్కడ పడాలో తెలిసేది కాదు. సభ పెట్టిన పారిస్ కుర్రాళ్ళు కట్టెలు ఎవరిచేతో పంపకుండా తామే ఎందుకు మోశారో ఇక్కడ అర్థమవుతుంది. ఎవరిచ్చారో దాచే సంచి ఎంత ముఖ్యమో, ఎవరికిచ్చామో దగ్గరగా చూడటమూ అంతే ముఖ్యం. మొదటిది లేకపోతే ఇచ్చినవాడికి పొగరు, రెండోది లేకపోతే ఇచ్చినది వృథా.

మెట్లు దిగుతుంటే డ్రైవరన్న ఫోన్ మోగుతుంది. వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి కాల్, శంకర్‌పల్లి వైపు అవుట్‌డోర్. షూటింగ్‌కి ఆదివారమని లేదు. "అయితే జతకు ఒకరు తక్కువ," అంటుంది నర్సమ్మ, మీ వైపు చూస్తూ. మీరు ఏదో అనేలోపే సెక్రటరీకి మెసేజ్ వెళ్ళిపోయింది.

"పూజకు ముందే వచ్చెయ్యండి బ్రదర్. ముసలావిడకు అద్దాలు ఇచ్చి రావాలి. కారు వద్దు, ఆ సందులోకి పోదు."