సిరారక్షణ: అమెరికా వైద్యశాలల చరిత్రము

సెలైన్ ఎక్కించుట నేడు మన పల్లెలలో సైతము నిత్యవ్యవహారమైనది గాని, ఆ ద్రవమును సిరలోనికి గొనిపోవు సన్నని ప్లాస్టిక్ గొట్టము వయస్సు స్వల్పమే. అంతకు పూర్వము అమెరికా వైద్యశాలలలో ఉక్కుసూదిని గ్రుచ్చి, చేయి కదలకుండ పలకకు గట్టి, మొన మొద్దువారినప్పుడు నూరి, మరగించి, మరల వాడుచుండెడివారు. 1950లో మిన్నెసోటా రాష్ట్రమందలి మేయో క్లినిక్‌లో మత్తువైద్యము నభ్యసించుచుండిన డేవిడ్ మాస్సా, సూదిని వెలికి దీసిన పిమ్మట సిరలో నిలిచియుండు ప్లాస్టిక్ తొడుగును గల్పించెను. ఆతనికి పదేండ్ల పూర్వమే, 1940లో, బోస్టన్ నగరపు మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో అడా ప్లమర్ అను నర్సు కేవలము సిరలోనికి ద్రవములెక్కించు పనికే నియుక్తురాలై యుండెను. ఆమె పేరు మాస్సా పేరుతోపాటు స్మరింపదగినది.

అయినను, సిర వ్యయమైపోవు ధనమని వైద్యలోకమునకు నిజముగా బోధించినది మూత్రపిండ రోగము. రక్తమును శుద్ధిచేయు డయాలిసిస్ యంత్రము 1940ల నుండియు ఉన్నదే. కాని ప్రతిపర్యాయము ఒక ధమనిని, ఒక సిరను గోసి గొట్టములమర్చి, పని ముగియగానే ఆ నాళములను ముడివేయవలసి వచ్చుటచే, కొలది పర్యాయములలోనే రోగి దేహమున చోటు మిగులకుండెను. యంత్రము సిద్ధముగా నున్నను, దానిని చేరు మార్గము లేకయే దీర్ఘరోగులు మరణించుచుండిరి. 1960 మార్చి 9న సియాటిల్ నగరమున వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ యోచనపై వేన్ క్వింటన్ నిర్మించిన టెఫ్లాన్ గొట్టమును, బోయింగ్ కర్మాగారపు పనివాడైన క్లైడ్ షీల్డ్స్ ముంజేతియందు స్థిరముగా నమర్చిరి. మృత్యుముఖమున నున్న ఆతడు అటుపిమ్మట పదునొకండేండ్లు జీవించెను!

కాని ఆ గొట్టమున రక్తము గడ్డకట్టుచుండెను, చీము పట్టుచుండెను. స్థానము మార్చినకొలది మరికొన్ని నాళములు నశించుచుండెను. న్యూయార్క్ నగరమందలి బ్రాంక్స్ వెటరన్స్ హాస్పిటల్‌లో బ్రెషియా, సిమినో, శస్త్రవైద్యుడు ఆపెల్ మొదలగువారు, పరవస్తువును వెలుపల నిలుపనక్కరలేకయే, మణికట్టుకడ ధమనిని సిరతో గలిపి, ధమనీవేగమునకు ఆ సిర క్రమముగా పెరిగి దృఢమగునట్లు చేసి, 1966లో ఆ విధానమును ప్రకటించిరి. విద్యార్థిదశయందు బెల్‌వ్యూ హాస్పిటల్‌లో రోగుల రక్తము తీయు కొలువు చేసిన సిమినోకు సిర స్వభావము చేతులారా దెలిసియుండుట ఈ కల్పనకు తోడ్పడినదని నా నమ్మకము. డయాలిసిస్‌కు, ఫిస్ట్యులా యనబడు ఈ ధమనీసిరల కూర్పే నేటికిని శ్రేష్ఠమార్గముగా పరిగణింపబడుచున్నది.

అయితే ఫిస్ట్యులాకు చెక్కుచెదరని చేతిసిర కావలెను. చేతినుండి హృదయసమీపమువరకు బోవు పిక్ లైన్ 1970లలో ప్రచారమునకు వచ్చి, అల్ట్రాసౌండ్ సాయముతో నర్సులే మంచముకడ అమర్చగలుగుటచే, అవసరమున కంటె సౌకర్యమునకే యెక్కువగా వాడబడజొచ్చెను. అది యున్న సిర గడ్డకట్టి మూసికొనిపోయినచో, ముందెప్పుడో రోగిని బ్రదికింపవలసిన ద్వారమే మూసికొనిపోయినట్లు. 2012లో అమెరికా మూత్రపిండ వైద్యుల సంఘము, ముదిరిన మూత్రపిండ రోగులకు తమ శాఖవారి నడుగక పిక్ లైన్ వేయరాదని హెచ్చరించెను. 2015లో మిషిగన్ విశ్వవిద్యాలయమునుండి వినీత్ చోప్రా ప్రభృతులు వెలువరించిన మార్గదర్శిని, ఏ మందునకు, ఎన్ని దినములకు, ఏ గొట్టము దగునో విడమరచి చెప్పి, అట్టి రోగులకు అయిదుదినముల లోపలి చికిత్సయైనచో ముంజేతిని విడిచి అరచేతి వెనుకవైపు సిరనే వాడుమనియు, అంతకు మించినచో మెడయందలి సిరనుండి సన్నని గొట్టమును వేయుమనియు విధించెను.