శంషాబాదు దారిలో రౌతులు

శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో మొదలయింది. అక్కడ దిగి నగరంలోకి వచ్చేవారిలో చాలామంది ఆరాంఘర్ దగ్గర పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ఎక్కి మెహదీపట్నంలో దిగుతారు. మరొక దారి పహాడీ షరీఫ్ మీదుగా చాంద్రాయణగుట్టకు వస్తుంది. ఈ రెండు దారులలోనూ పాత సైనికుల జాడలున్నాయి. మెహదీపట్నం దాటి కొంచెం ముందుకు వస్తే మాసబ్ ట్యాంకు పక్కన ఏ.సి. గార్డ్స్ వస్తుంది. ఆ అక్షరాలకు చల్లదనంతో సంబంధం లేదు; ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని దాని అర్థం. వనపర్తి రాజాగారి కొలువు నుండి నిజాము కొలువుకు చేరిన హబ్షీ రౌతుల దళం అది. ఇక రెండవ దారిలోని బార్కాస్ 'బ్యారక్స్' అనే మాటకు జనం నోట ఏర్పడిన రూపం. నిజాము సైన్యంలోని అరబ్బులు అక్కడ ఉండేవారు. అసలు శంషాబాదు పేరే పాయిగా ప్రభువుల బిరుదమయిన 'శంసుల్ ఉమ్రా' నుండి వచ్చిందని చెబుతారు.

పాయిగా ప్రభువులంటే ఫలక్‌నుమా మేడ, పీసల్‌బండ దగ్గరి పాలరాతి సమాధులు మనకు గుర్తుకు వస్తాయి. అయితే ఆ వైభవానికి ఆధారం గుర్రం. నిజాము సొంత రక్షణకు అశ్వదళాన్ని పోషించాలన్న షరతు మీదనే వారికి అంత పెద్ద జాగీరులు దక్కాయి. శంషాబాదు వంటి ఊళ్లలో రైతు చెల్లించిన శిస్తులో ఒక వంతు గుర్రానికి దాణాగా, రౌతుకు జీతంగా మారేది. నేడు రన్‌వే ఉన్న నేల చుట్టుపక్కల పొలాలు ఒకనాడు సైన్యాన్ని పోషించిన పొలాలే అన్నమాట.

ఆ రౌతులు ఎలా ఉండేవారు? ఈ ప్రశ్నకు ఫర్మానాల కంటె, జీతాల పట్టీల కంటె సూటిగా సమాధానం చెప్పగలిగినవి పాత ఛాయాచిత్రాలు. ఈ విషయంలో హైదరాబాదు అదృష్టం చేసుకున్నది. సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో ఉద్యోగం చేస్తూ ఛాయాగ్రహణం నేర్చుకున్న లాలా దీన్‌దయాళ్ 1880ల నడుమ మన ప్రాంతానికి వచ్చారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి, 'రాజా ముసవ్విర్ జంగ్' అని గౌరవించారు. 1905లో కన్నుమూసేవరకు ఆయన తీసిన వేలాది చిత్రాలలో మేడలు, వేటలు, విందులతోబాటు సైనిక విన్యాసాలు, దళాలు, అధికారుల బృందాలు కూడా ఉన్నాయి. ఆ స్టూడియో గాజు పలకలు 2800కు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అచ్చులు మాత్రం ప్రపంచమంతా చెదిరిపోయాయి. ఇంగ్లీషు అధికారుల ఆల్బములలో సముద్రం దాటినవి కొన్ని, ఇక్కడి దేవిడీల సామానుతోబాటు జుమ్మేరాత్ బజారుకు చేరినవి కొన్ని.

ఇటువంటి చిత్రం ఒకటి చేతికి వచ్చినప్పుడు, కింద ఏమి రాసి ఉన్నా, మొట్టమొదట తేల్చుకోవలసినది అందులోని రౌతు ఎవరి సైనికుడు అన్నది. 'నిజాము సైనికుడు' అంటే చాలదు. ఆ కాలంలో హైదరాబాదు చుట్టూ ఉన్న సైన్యాలు అనేకం. బొల్లారం కేంద్రంగా ఉన్న హైదరాబాదు కాంటింజెంటుకు ఖర్చు నిజాముది, పెత్తనం ఆంగ్లేయులది. గోల్కొండ లాన్సర్లవంటి దళాలు నిజాము సొంతం. అఫ్సరుల్ ముల్క్ వంటి సేనానులు వాటిని తీర్చిదిద్దారు. 1887లో నిజాము సరిహద్దు రక్షణకని ఆంగ్ల ప్రభుత్వానికి 60 లక్షల రూపాయలు ఇవ్వజూపిన తరువాత, అనేక సంస్థానాలలో ఇంపీరియల్ సర్వీసు దళాలు అనేవి ఏర్పడినాయి. హైదరాబాదు లాన్సర్లు ఆ కోవలోనివారు. ఇవి కాక పాయిగాల దళాలు, సంస్థానాధీశుల దళాలు, నడుముకు జంబియా కట్టిన అరబ్బులు, రోహిల్లాలు. సికింద్రాబాదు కంటోన్మెంటులో ఆంగ్ల సైన్యం సరేసరి.

ఇక రెండవ ప్రశ్న, ఆ చిత్రం ఎప్పటిది? ఇక్కడే చేతిలోని తుపాకి మనకు సాయపడుతుంది. నేడు కార్బైను అనగానే పోలీసుల దగ్గరి చిన్న యంత్రపు తుపాకి తలపుకు వస్తుంది. ఆ రోజులలో కార్బైనంటే రౌతు కోసం కురచ చేసిన రైఫిలు. గుర్రం మీద పొడవాటి తుపాకి అడ్డం కనుక గొట్టాన్ని తగ్గించి, జీనుకు వేలాడే తోలు ఒరలో పెట్టుకునే వీలు కల్పించారు. ఉదాహరణకు మార్టినీ-హెన్రీ రైఫిలు గొట్టం 33 అంగుళాల పైచిలుకు. దాని కార్బైను గొట్టం 21 అంగుళాల పైచిలుకు మాత్రమే.

పోల్చడం కష్టం కాదు. తుపాకి కుడి పక్కన పెద్ద సుత్తి వంటి గుర్రం పైకి లేచి కనబడితే అది స్నైడరు కావచ్చు. 1866లో వచ్చిన రకం, పాత నోటిమందు తుపాకినే వెనుకనుండి తూటా పెట్టేలా మార్చినది. సుత్తి లేకుండా, పిడి కింద పొడవైన లోహపు మీట ఉంటే మార్టినీ-హెన్రీ. రైఫిలు 1871లోను, కార్బైను 1877లోను వచ్చాయి. పక్కన బోల్టు పిడి, కింద తూటాల పెట్టె ఉంటే లీ-మెట్‌ఫర్డ్ గాని లీ-ఎన్‌ఫీల్డ్ గాని. వాటి కార్బైనులు 1894లోను, 1896లోను వచ్చాయి. అయితే ఈ సంవత్సరాలు ఇంగ్లండులో ఆ ఆయుధం పుట్టినవి మాత్రమే. 1857 తిరుగుబాటు తరువాత భారతీయ సైనికునికి ఎప్పుడూ ఒక తరం వెనుకటి ఆయుధమే ఇవ్వాలన్నది ఆంగ్లేయుల విధానం. 1878-80 నాటి అఫ్గాను యుద్ధంలో తెల్లవారి చేతిలో మార్టినీ ఉంటే మనవారి చేతిలో స్నైడరు. 1897లో వాయవ్య సరిహద్దున తెల్లవారి చేతిలో లీ-మెట్‌ఫర్డ్ ఉంటే మనవారి చేతిలో మార్టినీ. కాబట్టి తుపాకి 'దీనికి ముందుది కాదు' అని మాత్రమే చెబుతుంది, 'ఈ సంవత్సరానిదే' అని చెప్పదు. ఆ అనుమానపు దూరాన్ని లెక్కలో వేసుకోవాలి.

మరికొన్ని జాగ్రత్తలు కూడా అవసరం. బోల్టు పిడి ఎడమ పక్కన, కత్తి కుడి పక్కన కనబడితే గాజు పలకను తిరగేసి అచ్చు తీశారని అనుమానించాలి. వెనుక రంగు తెర, పక్కన బల్ల, పూలకుండీ ఉంటే అది స్టూడియో. అక్కడి ఆయుధం స్టూడియోదే కావచ్చు. ఆరుబయట, గుర్రంతో, దళంతో తీసినదానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. గుడ్డు తెల్లసొనతో తయారయిన ఆల్బుమెన్ కాగితం పలుచగా, గోధుమరంగుకు తిరిగి, అట్టకు అంటించి ఉంటుంది. అది పందొమ్మిదవ శతాబ్దపు గుర్తు. వెనుక తంతి తపాలా గీతలుండి కార్డుగా ఉన్నది ఇరవయ్యవ శతాబ్దానిది.

ఇంతకూ ఈ చిత్రాలలో నన్ను వదలని విషయం వేరొకటి ఉంది. కాంటింజెంటు అశ్వదళంలో, ఇతర భారతీయ అశ్వదళాలలో చాలావాటిలో, సిలేదారీ పద్ధతి ఉండేది. గుర్రం రౌతుదే. జీను, కళ్లెం, కత్తి, దుస్తులు అన్నీ అతడు సొంత సొమ్ముతో సమకూర్చుకొన్నవే. గుర్రం చస్తే నష్టం అతడిదే. సర్కారు ఇచ్చేది తుపాకి, తూటాలు మాత్రమే. అంటే చిత్రంలో కనిపించేవాటిలో అతడిది కానిది ఆ కార్బైను ఒక్కటే. ఆ ఒక్కదానికే నేడు పూర్తి చరిత్ర దొరుకుతుంది: ఏ కర్మాగారంలో పుట్టింది, ఏ సంవత్సరపు నమూనా, గొట్టం ఎన్ని అంగుళాలు, తూటా ఎంత. అప్పు చేసి కొన్న గుర్రానికి చరిత్ర లేదు, తాతనాటి కత్తికి లేదు, వాటన్నింటి యజమానికి అంతకంటె లేదు. అట్ట కింద కల్నలు పేరు ఉంటుంది. కొన్నిటిలో కల్నలుగారి గుర్రం పేరు కూడా ఉంటుంది. రౌతు మాత్రం 'ఒక సవారు'.

తెలుగువారికి ఇందులో మరొక వెలితి కూడా కనిపిస్తుంది. ఉత్తర దేశంలో సిపాయిని చాలాకాలం 'తిలంగా' అని పిలిచేవారు. 1757 ప్రాంతంలో క్లైవు వెంట మద్రాసు నుండి బెంగాలుకు వెళ్లిన పటాలాల కారణంగా మన జాతి పేరే సిపాయి అనే వృత్తికి పేరయింది. కాని 1881-85లో మద్రాసు సేనాధిపతిగా, ఆపైన 1893 వరకు భారత సర్వసేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారని తీర్మానించాడు. తెలుగు పటాలాలు క్రమంగా తగ్గిపోయాయి. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే ఛాయాచిత్రం చవకయింది. సైన్యానికి పేరిచ్చినవారు సైన్యం ఫొటో దిగే వేళకు పక్కకు తొలగింపబడ్డారు.

కార్బైను కథ కూడా ఎంతోకాలం సాగలేదు. 1903లో కాంటింజెంటు రద్దయి, దాని రౌతులు 20వ దక్కన్ హార్స్, 29వ, 30వ లాన్సర్లుగా మారారు. దాదాపు అదే సమయంలో 25 అంగుళాల గొట్టంతో పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు వచ్చి, కాల్బలానికీ అశ్వబలానికీ ఒకే ఆయుధమయింది. 1916 జూలై 14న ఫ్రాన్సులో, సోం యుద్ధంలో, సికింద్రాబాదు పేరు మోసిన బ్రిగేడులో భాగంగా దక్కన్ హార్స్ దాడికి దిగింది. ఆ రోజు కార్నోయ్ లోయలో గుర్రాలతో వేచి ఉన్న రౌతుల చిత్రం లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది, ఎన్నో పుస్తకాలకెక్కింది. దళం పేరు, స్థలం, తేదీ అన్నీ తెలుసు. ముఖాలకు మాత్రం పేర్లు లేవు. పాలస్తీనాలో పోరాడిన హైదరాబాదు, మైసూరు, జోధపూరు లాన్సర్ల స్మారకంగా ఢిల్లీలో తీన్‌మూర్తి విగ్రహాలు నిలిచాయి. ఆ హైదరాబాదు లాన్సర్లలో అధికారిగా పనిచేసిన ఎల్ ఎద్రూసే 1948 సెప్టెంబరు 18న నిజాము సేనాధిపతిగా జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఆ లొంగుబాటు చిత్రం అందరికీ తెలిసినదే. అందులోనూ మనకు తెలిసిన పేర్లు ఆ రెండే.

ఆ తరువాత హైదరాబాదు సైన్యం రద్దయింది. ఆ కుటుంబాలు ఏ.సి. గార్డ్స్‌లో, బార్కాస్‌లో, మరెన్నో గల్లీలలో ఉన్నాయి. తెలుగు పల్లెల్లోనూ గోడకు వేలాడే పటంలో తుపాకి పట్టుకున్న ముత్తాతలున్నారు. ఇల్లు కూల్చి అపార్టుమెంటు కట్టేటప్పుడు ఆ పటంలోని ఫ్రేము కొయ్య ధరకు పోతుంది, కాగితం తూకానికి పోతుంది. అక్కడి నుండి నావంటి సేకర్తల చేతికి వచ్చేసరికి చిత్రం మిగులుతుంది, పేరు మిగలదు. తుపాకిని చూసి తేదీ నేను చెప్పగలను. ఆయన పేరు మాత్రం ఆ ఇంట్లోని పెద్దలు తప్ప ఎవరూ చెప్పలేరు.

అందుచేత మిత్రులకు ఒక మనవి. మీ ఇంట్లోగాని, బంధువుల ఇంట్లోగాని అటువంటి పటం ఉంటే పెద్దవారిని కూర్చోబెట్టి అడగండి: ఆయన పేరేమిటి, ఏ ఊరు, ఏ దళం, ఎప్పుడు తిరిగి వచ్చారు. చిత్రాన్ని అట్టనుండి ఊడదీయకండి. స్టూడియో పేరు, దళం గుర్తు తరచు ఆ అట్ట మీదనే ఉంటాయి. ముందూ వెనుకా రెండు వైపులా స్కాను చేయండి. వెనుక మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా, పేరు రాయండి. బాల్‌పెన్ను వద్దు, దాని గాడి ముందుకు పొడుచుకు వస్తుంది. తుపాకి సంగతి తరువాత తీరికగా తేల్చుకోవచ్చు, దాని వివరాలు ఎక్కడికీ పోవు.